రన్ నొక్కే ముందు కాగితం మీద: డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం ఎలా?

సెమిస్టర్ మధ్యలో ఏ డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కైనా వెళ్లి చూడండి. రికార్డు రాయని పిల్లలు దాదాపు ఉండరు. నీట్‌గా గీసిన మార్జిన్లు, రంగు పెన్నుతో హెడ్డింగులు, కింద లెక్చరర్ సంతకం అన్నీ ఉంటాయి. అందులోంచి ఒక ప్రోగ్రాం తీసి, మళ్లీ మళ్లీ తిరిగే భాగం (లూపు) చూపించి "ఈ లూపు ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని అడగండి. చాలామంది పక్క బెంచీ వైపు చూస్తారు. ప్రోగ్రాంను రికార్డులోకి ఎక్కించుకోవడం వాళ్లకు వచ్చు. మెషిన్ ఏ లైను తర్వాత ఏ లైను చేస్తుందో, అప్పుడు ఏ విలువ ఎంత అవుతుందో మాత్రం కళ్లముందు కనపడదు. మొదటి సెమిస్టర్‌లో మన పని అది కనపడేలా చేయడమే అని నా నమ్మకం. కింద చెప్పే పద్ధతులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఇది శ్రీకాకుళం, విజయనగరం వైపు బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ, బీకాం కంప్యూటర్స్ క్లాసులకు కొత్తగా వెళ్తున్న లెక్చరర్ల కోసం రాస్తున్నాను. విజయనగరంలో 1879 నుంచి ఉన్న మహారాజా కళాశాల అయినా, పలాస వైపు నిన్నగాక మొన్న మొదలైన ప్రైవేటు కాలేజీ అయినా మొదటి ఏడాది క్లాసు దాదాపు ఒకేలా ఉంటుంది.

1. మొదటి వారం: క్లాసులో ఎవరున్నారో తెలుసుకోండి

ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు, సీఈసీ నుంచి వచ్చినవాళ్లు, ఒకేషనల్ చదివినవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లూ ఉంటారు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం కాబట్టి పుస్తకం, పరీక్ష ఇంగ్లీషులోనే. అలాగని క్లాసు కూడా పూర్తిగా ఇంగ్లీషులో చెబితే వెనక నాలుగు వరసలు మొదటి రోజే మీ చేతిలోంచి జారిపోతాయి. విషయం తెలుగులో చెప్పండి, టెర్ములు ఇంగ్లీషువే ఉంచండి, జవాబు రాయించేటప్పుడు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు అలవాటు చేయండి. వేరియబుల్‌ను "చలరాశి" అని అనువదించి చెప్పాల్సిన పనేం లేదు. పిల్లలు పరీక్షలో రాయాల్సింది, రేపు ఇంటర్వ్యూలో వినాల్సింది వేరియబుల్ అనే మాటే.

మొదటి ల్యాబ్‌లో ప్రోగ్రాం వద్దు. చాలామందికి ఇంటి దగ్గర సిస్టమ్ ఉండదు, ఫోనే ఉంటుంది. కీబోర్డు మీద సెమికోలన్, ఫ్లవర్ బ్రాకెట్లు, డబుల్ కోట్లు ఎక్కడున్నాయో, షిఫ్ట్ ఎప్పుడు పట్టుకోవాలో తెలియక టెన్షన్ పడతారు. బయటికి చెప్పరు. ఒక గంట కేవలం టైపింగ్, ఫోల్డరు చేయడం, ఫైల్‌కు పేరు పెట్టి సేవ్ చేయడం, మళ్లీ వెతికి తెరవడం చేయించండి. ఆ గంట వృథా అనిపిస్తుంది కానీ తర్వాతి నెలల్లో "సార్, నా ప్రోగ్రాం ఎక్కడికో పోయింది" అన్న మాట బాగా తగ్గుతుంది.

అదే వారం ఒక చిన్న కాగితం మీద మూడే ప్రశ్నలు అడగండి: ఇంటి దగ్గర ఏ పరికరం ఉంది, రోజూ బస్సులోనో రైల్లోనో ఎంతసేపు ప్రయాణం, ఇంతకు ముందు ఏదైనా ప్రోగ్రాం రాశారా. రోజూ సోంపేట నుంచో చీపురుపల్లి నుంచో వచ్చి సాయంత్రం బండి పట్టుకోవాల్సిన పిల్లలకు "కాలేజీ అయ్యాక ల్యాబ్‌లో కూర్చోండి" అని చెప్పి లాభం లేదు. వాళ్ల ప్రాక్టీసు ఫోన్‌లోనే జరగాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ లాంటి యాప్ ఒకసారి ఎక్కించి పెడితే నెట్ లేకపోయినా పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాం నడుస్తుంది.

2. ల్యాబ్‌లో పాత కంపైలర్ ఉంటే మార్చండి

సి భాష సిలబస్‌లో ఉంటే, మీ ల్యాబ్‌లో ఇంకా నీలం తెర టర్బో సి అనే పాత కంపైలర్ (రాసిన ప్రోగ్రాంను మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చేది) ఉండే అవకాశం ఎక్కువ. పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ కాలంనాటి ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటి సిస్టమ్‌లలో డాస్‌బాక్స్ పెట్టి నడిపిస్తున్నాం. అలవాటైపోయింది, మాన్యువల్ కూడా దానికే రాసి ఉంది, కాబట్టి ఎవరూ కదపరు. కానీ దాంతో నేర్చుకున్న వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, గెట్‌సిహెచ్ అలవాట్లు బయట పనికిరావు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. టర్బో సిలో ఇంట్ (పూర్ణాంకం దాచే రకం) అంటే 16 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా గుణిస్తే వచ్చేది) ప్రోగ్రాంకు 7 ఇస్తే 5040 సరిగ్గా వస్తుంది. 8 ఇస్తే 40320 రావాలి, -25216 వస్తుంది. "ఏటి సార్, మైనస్ వచ్చింది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీ అదృష్టం, వదలకండి. 16 బిట్లలో పట్టే విలువలు మొత్తం 65536, కాబట్టి 40320 లోంచి 65536 తీసేసి చూపించండి.

కోడ్‌బ్లాక్స్‌తో జీసీసీ కంపైలర్ పెట్టుకుంటే ఇంట్ 32 బిట్లు అవుతుంది. అక్కడ 12 వరకు సరైన జవాబే వస్తుంది. 13 ఇస్తే 6227020800 రావాల్సిన చోట 1932053504 వస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. మైనస్ గుర్తు లేదు, సంఖ్య పెద్దగానే ఉంది, చూడ్డానికి నిజమే అనిపిస్తుంది. 12 ఫ్యాక్టోరియల్ విలువ 479001600. దాన్ని 13తో గుణిస్తే చివర రెండు సున్నాలు ఉండి తీరాలి కదా, మరి ఈ జవాబు చివర 04 ఎలా వచ్చింది అని అడగండి. అవుట్‌పుట్ వచ్చింది కాబట్టి ప్రోగ్రాం కరెక్టే అన్న నమ్మకాన్ని ఈ ఒక్క ఉదాహరణ కదిలిస్తుంది. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఈ హద్దు లేదు, అదీ చెప్పండి.

3. జవాబు ముందు, రన్ తర్వాత

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించగలిగితే ఇదొక్కటి పాటించండి. ఏ ప్రోగ్రాం అయినా, ఎంత చిన్నదైనా, అవుట్‌పుట్ ఏం వస్తుందో కాగితం మీద రాశాకే రన్ నొక్కాలి. మీరు బోర్డు మీద చెప్పేటప్పుడైనా, వాళ్లు ల్యాబ్‌లో చేసేటప్పుడైనా ఇదే రూలు.

మొదటి క్లాసుకు ఈ నాలుగు లైన్లు చాలు:

ఎ = 5
బి = ఎ
ఎ = 7
ప్రింట్(బి)

క్లాసులో రెండు జవాబులు వస్తాయి: 5, 7. ఏడు అన్నవాళ్లలో లెక్కలు బాగా వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లకు "బి = ఎ" అంటే ఎప్పటికీ రెండూ సమానం. ఆల్జీబ్రా నేర్పింది అదే మరి. అలాంటివాళ్లకు "ఎక్స్ = ఎక్స్ + 1" చూపిస్తే అసలు అది సాధ్యమే కాదంటారు. వాళ్ల లెక్క ప్రకారం వాళ్లు కరెక్టే. అందుకని ఈ లైను చదివే పద్ధతి మొదటి రోజే నోటికి పట్టించాలి: ముందు కుడివైపు లెక్కగట్టు, వచ్చిన విలువను ఎడమవైపు పేరు కింద రాయి. ప్రతిసారీ పైకి అలాగే చదివించండి.

వేరియబుల్ అంటే డబ్బా అని చెప్పడం మనకు అలవాటు. డబ్బాలో పాత సరుకు ఉండగానే కొత్తది పోయొచ్చు కాబట్టి, వేరియబుల్‌లో కూడా పాత విలువ ఏ మూలో ఉంటుందని కొందరు నిజంగానే అనుకుంటారు. పలక అని చెబితే బాగా ఎక్కుతుంది. కొత్తది రాయాలంటే పాతది చెరపాల్సిందే.

తర్వాత లూపు:

మొత్తం = 0
ఫర్ ఐ ఇన్ రేంజ్(1, 5):
    మొత్తం = మొత్తం + ఐ
ప్రింట్(మొత్తం)

పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో కూడా పెట్టుకోవచ్చు, "మొత్తం" అని రాసినా నడుస్తుంది. బోర్డు మీద మొదటి రెండు వారాలు ఫర్, ప్రింట్ లాంటి మాటలు ఇంగ్లీషు లిపిలో, పేర్లు మాత్రం తెలుగులో రాస్తాను. ఏది భాషలో ఉన్న మాట, ఏది మనం పెట్టుకున్న పేరు అన్న తేడా చూడగానే తెలిసిపోతుంది. టైపు చేయడానికి ఇబ్బంది కాబట్టి ల్యాబ్‌లో ఇంగ్లీషు పేర్లే వాడిస్తాను.

ఇక జవాబులు చూడండి. రేంజ్(1, 5) 4 దగ్గరే ఆగుతుంది కాబట్టి సరైనది 10. పిల్లలు రాసే తప్పు జవాబులు ఊరికే వచ్చినవి కావు, ఒక్కోదాని వెనక ఒక్కో ఊహ ఉంటుంది. 15 రాశారంటే రేంజ్‌లో 5 కూడా కలుస్తుందనుకున్నారు. 4 రాశారంటే మొత్తం ప్రతిసారీ కొత్తగా మొదలవుతుందనుకున్నారు. 1, 3, 6, 10 అని నాలుగూ రాశారంటే ప్రింట్ లూపు లోపలే ఉందనుకున్నారు, అంటే ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) ఇంకా కంటికి ఆనలేదు. 0 అని రాసినవాళ్లకు లూపు అన్నదే ఇంకా అందలేదు, వాళ్ల పక్కన కూర్చోండి. బోర్డు మీద "తప్పు" అని కొట్టేస్తే ఈ సమాచారం అంతా పోతుంది. నాలుగు జవాబులూ రాసి, "15 వచ్చినవాళ్లు ఎలా ఆలోచించి ఉంటారు?" అని 10 వచ్చినవాళ్లను అడగండి.

ఆ తర్వాత పట్టిక. ఐ ఒక కాలమ్, మొత్తం ఒక కాలమ్. ఒక్కో తిరుగుడుకు ఒక్కో వరస: 1కి 1, 2కి 3, 3కి 6, 4కి 10. పక్క బెంచీవాడి జవాబు కాపీ కొట్టొచ్చు కానీ, పట్టిక నింపమని నిలబెడితే కాపీ పనికిరాదు. ల్యాబ్ రికార్డులో ఎడమవైపు గీతల్లేని పేజీ ఉంటుంది కదా, చాలా కాలేజీల్లో అక్కడ అవుట్‌పుట్ ఒక్క లైను రాసి వదిలేస్తారు. ఆ పేజీని ఈ పట్టికకు కేటాయించండి. పట్టిక లేని ప్రోగ్రాంకు సంతకం పెట్టకండి. మొదట గోల చేస్తారు, మూడో వారానికి సర్దుకుంటారు.

4. ఇన్‌పుట్, ఎర్రర్లు: త్వరగా చెప్పి ముందుకు సాగండి

పైథాన్‌లో ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఎప్పుడూ స్ట్రింగే, అంటే సంఖ్య కాదు, అక్షరాల వరస. 5, 3 ఇచ్చి కలిపితే 53 వస్తుంది. దీన్ని ముందే చెప్పేయకండి, రానివ్వండి. సిలో 5ని 2తో భాగిస్తే 2 రావడం, స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ మర్చిపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఎర్రర్ మెసేజ్ ఎర్రగా కనబడగానే పిల్లలు చేయి ఎత్తుతారు. మీరు వెళ్లి సరిచేయొద్దు. "చివరి లైను పైకి చదువు, లైను నంబరు చెప్పు" అనండి. సెమికోలన్ ఒక లైనులో మర్చిపోతే ఎర్రర్ చాలాసార్లు కింది లైనులో చూపిస్తుందని, బ్రాకెట్ మూయకపోయినా అంతేనని ముందుగా చెప్పండి. వర్డ్‌లో తయారుచేసిన నోట్సు నుంచి కాపీ చేస్తే కోట్లు వంకరగా వస్తాయి, వాటిని పైథాన్ ఒప్పుకోదు. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసేస్తుంది, అప్పుడు ప్రింట్ కూడా పనిచేయదు. ఈ రెండిటికీ చాలా గంటలు పోతాయి కాబట్టి గోడ మీద చార్టులా అంటించేయండి.

5. క్లాసు మొత్తాన్ని మాట్లాడించే ప్రశ్న

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కంప్యూటర్ సైన్స్‌కు చక్కగా సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. బోర్డు మీద నాలుగైదు లైన్ల ప్రోగ్రాం, నాలుగు జవాబులు. ఎవరికి వారు ఒక నిమిషం ఆలోచించి, మీరు చెప్పగానే ఒకటి నుంచి నాలుగు వేళ్లు ఛాతీకి ఆనించి చూపించాలి. పక్కవాళ్లకు కనపడదు, మీకు కనపడుతుంది.

దాదాపు అందరూ సరిగ్గా చూపిస్తే ముందుకు వెళ్లండి. దాదాపు అందరూ తప్పితే మళ్లీ చెప్పండి. సగం సగంగా చీలితే అసలు పని మొదలవుతుంది: "మీ జవాబుతో కలవని మనిషిని పట్టుకుని ఒప్పించండి" అని రెండు నిమిషాలు వదిలేయండి. గోలగోలగా తెలుగులో వాదించుకుంటారు. ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆగి చూసినా కంగారు పడకండి. మళ్లీ వేళ్లు చూపించమంటే లెక్క మారుతుంది. ఇప్పటిదాకా నోరు విప్పని అమ్మాయి పక్కమ్మాయికి లూపు విప్పి చెప్పడం ఈ రెండు నిమిషాల్లోనే చూస్తారు.

ఇలాంటిదే చీటీల పని. 2006లో న్యూజిలాండ్‌కు చెందిన డేల్ పార్సన్స్, ప్యాట్రిషియా హేడెన్ పరిచయం చేశారు. సరైన ప్రోగ్రాంను లైన్లుగా కత్తిరించి, కలిపేసి, ఇద్దరికి ఒక సెట్ ఇవ్వండి. వరసలో పేర్చడమే పని. ఒకటి రెండు పనికిరాని లైన్లు కూడా కలపండి. సింటాక్స్ (భాష రాత నియమాలు) గుర్తులేని వాళ్లు కూడా ఇందులో ఆలోచించగలరు. అక్టోబరులో తుఫాను వచ్చి కరెంటు పోయినా ఈ క్లాసు ఆగదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. దసరా సెలవులు, పైడితల్లి అమ్మవారి సిరిమాను కూడా ఆ చుట్టుపక్కలే. మొదటి సెమిస్టర్ ప్లాన్ వేసేటప్పుడు అక్టోబరులో కొత్త యూనిట్ మొదలుపెట్టకండి.

6. ఉదాహరణలు ఊరివి తీసుకోండి

పుస్తకంలో ఉద్యోగి పేరు, జీతం, డిపార్ట్‌మెంట్ ఉంటాయి. మన పిల్లలకు వాటితో సంబంధం తక్కువ. దగ్గరలో దొరికే సరుకు చాలా ఉంది.

షరతులు పెట్టే ఇఫ్, ఎల్స్ చెప్పడానికి పలాస జీడిపప్పు తీసుకోండి. గుడ్డు పప్పుకు, అంటే బద్దలు కాని పూర్తి పప్పుకు, గ్రేడు పేర్లు డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటాయి. ఆ సంఖ్య సుమారుగా ఒక పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయన్నది చెబుతుంది. సంఖ్య తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. కాశీబుగ్గ నుంచి వచ్చే పిల్లలు మీకంటే బాగా చెబుతారు, వాళ్ల చేతే చెప్పించండి. ఇప్పుడు పప్పుల లెక్క ఇస్తే గ్రేడు చెప్పే ప్రోగ్రాం రాయమనండి. కొందరు ఇలా మొదలుపెడతారు: లెక్క 320 లేదా తక్కువ అయితే డబ్ల్యూ 320, లేదంటే 240 లేదా తక్కువ అయితే... 175 ఇచ్చి చూడమనండి. మేలురకం పప్పు కాస్తా డబ్ల్యూ 320 అయి కూర్చుంటుంది. షరతుల వరస ఎందుకు ముఖ్యమో ఇక మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, పప్పు యజమానికి ఎంత నష్టమో వాళ్లే లెక్కగడతారు.

ఇంకో మెట్టు ఉంది. డబ్ల్యూ 180కి 170 నుంచి 180, డబ్ల్యూ 210కి 200 నుంచి 210. మరి 190 వస్తే? ప్రశ్నలో చెప్పలేదు. ఎవర్ని అడగాలి, ఏం చేయాలి? ప్రోగ్రాం రాసేవాడు సొంతంగా తేల్చుకోవచ్చా? బయట సాఫ్ట్‌వేర్ పనిలో సగం గొడవ ఇలాంటి ఖాళీల దగ్గరే వస్తుంది.

లిస్టులకు రైల్వే స్టేషన్లు: పలాస, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు, శ్రీకాకుళం రోడ్, పొందూరు, చీపురుపల్లి, విజయనగరం. ఎనిమిది పేర్లు, ఇండెక్స్ (లిస్టులో వరస సంఖ్య) 0 నుంచి 7. ఒక్కో స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కు దూరం ఇంకో లిస్టులో పెట్టమంటే అందులో ఎన్ని సంఖ్యలుండాలి? ఎనిమిది అని రాస్తారు. వేలితో లెక్కపెడితే ఏడే. లూపు ఒక్కటి ఎక్కువ తిరిగి ఇండెక్స్ ఎర్రర్ వచ్చేది ఎక్కడో ఇక్కడ పట్టుకోవచ్చు. ఇదే లిస్టు రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్‌లో మళ్లీ పనికొస్తుంది. ప్రతి స్టేషన్‌కూ తర్వాతిది మాత్రమే తెలుసు అంటే లింక్డ్ లిస్ట్. నౌపడ నుంచి గుణుపురం లైను, విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ లైను, బొబ్బిలి నుంచి సాలూరు లైను కలిపితే లిస్టు సరిపోదు, దారులు చీలి కలిసే గ్రాఫ్ కావాలి. సాలూరు నుంచి తిలారుకు దారి వెతకమంటే బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ (దగ్గరి స్టేషన్లన్నీ ముందు చూసి, తర్వాత దూరానివి చూసే పద్ధతి) బోర్డు మీద చేత్తో చేయొచ్చు.

స్ట్రింగులకు "శ్రీకాకుళం" అన్న పేరే చాలు. ఎన్ని అక్షరాలు అంటే క్లాసు మొత్తం నాలుగు అంటుంది: శ్రీ, కా, కు, ళం. పైథాన్‌లో లెన్ (పొడవు) అడిగితే 10 వస్తుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. "విజయనగరం" మనకు ఆరు, పైథాన్‌కు 8. గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే శ్రీకాకుళం 30 బైట్లు. తర్వాత ఆ స్ట్రింగ్‌ను తిరగేసి ప్రింట్ చేయించండి. సున్నా ముందుకొచ్చి, గుణింతాలు పక్క అక్షరాలకు అతుక్కుని వింతగా కనపడుతుంది. నవ్వుకుంటారు, ఆ నవ్వులోనే క్యారెక్టర్, యూనికోడ్, బైట్ మూడింటికీ తేడా చెప్పేయొచ్చు. పాలిండ్రోమ్ (తిరగేసినా అదే మాట వచ్చేది) ప్రోగ్రాంకు తెలుగు మాట ఇచ్చి చూడమనడం మంచి హోంవర్క్.

ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌కు: 2011 జనాభా లెక్కల్లో అప్పటి శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షల పైచిలుకు. అందరి పేర్లూ అక్షరక్రమంలో ఉంటే ఒక పేరు వెతకడానికి గరిష్ఠంగా 22 పోలికలు చాలు. రెండును రెండుతో గుణించుకుంటూ పోయి 27 లక్షలు ఎప్పుడు దాటుతుందో వాళ్లనే లెక్కపెట్టమనండి. వరసలో లేకపోతే చివరి పేరుదాకా వెళ్లాల్సి రావచ్చు.

7. రికర్షన్‌ను నిలబెట్టి చెప్పండి

రికర్షన్ అంటే ప్రోగ్రాంలో ఒక భాగం తనను తానే పిలుచుకోవడం. ఐదుగురిని బోర్డు ముందు నిలబెట్టండి. మొదటివారి చీటీ మీద "నా ఎన్ 4", పక్కవారి మీద "నా ఎన్ 3", చివరివారి మీద "నా ఎన్ 0". ఫ్యాక్టోరియల్ అడిగితే మొదటివారు జవాబు చెప్పరు, పక్కవారిని అడిగి ఆగుతారు. చివరివారు 1 అంటారు, అక్కణ్నుంచి జవాబు వెనక్కి వస్తుంది: 1, 2, 6, 24. ఎన్ ఒకటే పేరు అయినా ఎవరి చీటీ వారిదే అన్నది ఇక్కడ కంటికి కనపడుతుంది. చివరివారిని కూర్చోబెట్టేస్తే ఏమవుతుందో అడగండి. పైథాన్‌లో సాధారణంగా వెయ్యి పిలుపుల దగ్గర ఆగిపోయి రికర్షన్ ఎర్రర్ వస్తుంది.

8. ల్యాబ్‌లో ఇద్దరికి ఒక సిస్టమ్

సిస్టమ్‌లు చాలవని ఇద్దరిని కూర్చోబెడతాం. అదెలాగూ తప్పదు కాబట్టి పద్ధతిగా చేయండి. ఒకరు టైపు చేయాలి, ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు కీబోర్డు ముట్టకూడదు. పావుగంటకోసారి మారాలి, మీరే గట్టిగా పిలవండి. వదిలేస్తే వచ్చినవాళ్లే టైపు చేస్తారు, రానివాళ్లు గోరు కొరుక్కుంటూ చూస్తారు. మొదటి వంతు కీబోర్డు ఎప్పుడూ తక్కువ వచ్చినవారికే ఇవ్వండి.

మీరు కూడా పిల్లల మౌస్ ముట్టకండి. చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం మంచి అలవాటు. పిలిస్తే మూడు ప్రశ్నలు వేయండి: ఏం వస్తుందనుకున్నావు? ఏం వచ్చింది? ఎక్కడిదాకా బాగుందని నీకు గట్టిగా తెలుసు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, మధ్యలో ఒక ప్రింట్ పెట్టి చూడమని చెప్పి పక్క సిస్టమ్‌కు వెళ్లండి. తిరిగొచ్చేసరికి చాలామంది వాళ్లే పట్టేసుకుంటారు.

9. చాట్‌జీపీటీ, రికార్డు, వైవా

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక అసైన్‌మెంట్లు ఇంటికిచ్చి మార్కులు వేయడంలో అర్థం లేకుండా పోయింది. నిషేధిస్తే ఆగదు, ఫోన్ జేబులోనే ఉంటుంది. అసలు దానికి ముందు కూడా రికార్డు సీనియర్ దగ్గర్నుంచే వచ్చేది కదా. మార్కులు ఎక్కడ ఉన్నాయో అది మార్చండి. ప్రోగ్రాంకు తక్కువ, దాని మీద రెండు నిమిషాల మాటకు ఎక్కువ.

వైవాలో "అల్గారిథం అంటే ఏమిటి?" లాంటి డెఫినిషన్లు అడగకండి, బట్టీ పట్టి చెప్పేస్తారు. వాళ్ల ప్రోగ్రాంనే తెరిచి అడగండి. ఈ 5ని 6 చేస్తే ఏమవుతుంది? ఈ లైను తీసేస్తే? ఈ ప్రింట్‌ను లోపలికి జరిపితే? ముందు నోటితో చెప్పాలి, తర్వాతే రన్. ఎవరు రాశారన్న విచారణ అక్కర్లేదు. చాట్‌జీపీటీ రాసినా, చదివి అర్థం చేసుకుని ఉంటే చెప్పగలరు, అలాంటివారికి మార్కులు ఇవ్వండి.

ఒక ల్యాబ్‌లో జీడిపప్పు ప్రోగ్రాంను దాంతోనే రాయించి, 190 ఇచ్చి పరీక్షించమనండి. ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది. దాన్ని సరిచేయడమే ఆరోజు పని.

10. ఇంటర్నల్స్ పేపరు, చివరి వారాలు

ఇంటర్నల్స్ పేపరు మీ చేతిలో ఉంటుంది కాబట్టి సగం మార్కులకు చదివే ప్రశ్నలు పెట్టండి: ఈ ప్రోగ్రాం అవుట్‌పుట్ పట్టికతో సహా రాయండి, ఇందులో తప్పు ఎక్కడుంది, ఖాళీగా ఉన్న లైనులో ఏం రావాలి. దిద్దడం కూడా తేలిక. యూనివర్సిటీ పేపరు మాత్రం "లూపుల రకాలను వివరించండి" అనే అడుగుతుంది. ఆ జవాబుకు డెఫినిషన్, సింటాక్స్, ఫ్లోచార్టు, ఉదాహరణ ఉంటేనే మార్కులు పడతాయి. చివరి రెండు వారాలు నిర్మొహమాటంగా ఆ పద్ధతిలో రాయించండి. అప్పటికి లూపు అర్థమైన పిల్లలకు ఇది వారం పని.

ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్‌కు ముందు రోజు ప్రతి సిస్టమ్ మీదా మీరే ఒక చిన్న ప్రోగ్రాం టైపు చేసి, సేవ్ చేసి, రన్ చేసి చూడండి. యూపీఎస్ తీగ పీకి కరెంటు లేకుండా అది ఎంతసేపు నడుస్తుందో చూడండి. కంపైలర్ సెటప్ ఒక పెన్‌డ్రైవ్‌లో దగ్గర పెట్టుకోండి. బ్యాచ్‌లు వేసేటప్పుడు ఇచ్ఛాపురం, పార్వతీపురం లాంటి దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను ఉదయం మొదటి బ్యాచ్‌లో వేయకండి. ప్యాసింజర్ రైలు ఆలస్యమైన రోజు ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి కూర్చుంటే చేతులు వణుకుతాయి, సెమికోలన్ కూడా కనపడదు.